మైనపు పోగు, తొగరు నూలు: బస్తర్‌లో డిజైన్ మొదటి పాఠాలు

(మాస్టారి స్మారక ఉపన్యాసం, ముద్రణ పాఠం)



మాస్టారు ఉద్యోగంలో ఎంత పెద్దవారైనా పై తరగతులు కావాలని ఎప్పుడూ అడగలేదు. మొదటి సెమిస్టరే తనకివ్వమనేవారు. చుక్క, గీత, ఆకారం, ఘనరూపం, గరుకూ నునుపూ, రంగు, ఛాయ, ఖాళీ: ఎలిమెంట్స్ ఆఫ్ డిజైన్ అని మనం చెప్పుకునే వీటిని పిల్లలు మొదట ఎలా నేర్చుకుంటే, మిగతా మూడున్నరేళ్ల చదువూ అలాగే సాగుతుందని ఆయన నమ్మకం. ఆయన పేరున మాట్లాడమన్నప్పుడు నాకు వేరే విషయం తోచలేదు.

ఫ్యాషన్ డిజైన్‌లో చేరిన పిల్లలు మొదటి నెలలో ఏం చేస్తారో మీ అందరికీ తెలుసు. ఎ-3 షీటు మీద గళ్లు గీస్తారు. ఒక గడిలో నిలువు గీతలు, ఇంకో గడిలో అలలు, మరో గడిలో చుక్కలు నింపుతారు. పోస్టర్ రంగులతో పన్నెండు భాగాల రంగుల చక్రం వేస్తారు. తెలుపు నుంచి నలుపు దాకా మెట్లుమెట్లుగా ఛాయలు దించుతారు. శ్రద్ధగా చేసినవాళ్లకు చెయ్యి కుదురుకుంటుంది, ఆ మేరకు మేలే. కానీ అదే విద్యార్థి మూడో సెమిస్టర్‌లో కుర్తా కోసం చారల గుడ్డ పరిచి కత్తెర పట్టుకున్నప్పుడు ఆ గీతల పాఠం జ్ఞాపకం రాదు. భుజం దగ్గర చార ఎటు వంగుతుందో, చంక కింద ఎక్కడ తెగిపోతుందో షీటు చెప్పలేదు. కాగితం మీద గీత ఎటు పొమ్మంటే అటు పోయింది. గుడ్డ మీది గీతకు సొంత ఇష్టం ఉంటుంది.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ మూలాంశాలు పదార్థం చేతికి ఎదురుతిరిగిన చోట పుట్టినవి. వాటిని అక్కడే నేర్పాలి. అలా నేర్పడానికి మనకు దగ్గర్లో బస్తర్ కన్నా మంచి పాఠశాల లేదు. అయితే అక్కడికి బొమ్మలు ఏరుకోవడానికి కాదు, పని నేర్చుకోవడానికి వెళ్లాలి.

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ మనకు పరాయి దేశమేమీ కాదు. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం దగ్గర మొదలయ్యే 30వ నంబరు జాతీయ రహదారి భద్రాచలం దాటి, కోంటా, సుక్మా మీదుగా జగ్దల్‌పూర్ చేరి, అక్కణ్నుంచి ఇంకో 75 కిలోమీటర్లు ఉత్తరాన ఉన్న కొండగావ్ మీదుగా పోతుంది. విశాఖ నుంచైతే అరకు, కోరాపుట్ మీదుగా కిరండూల్ రైలు ఉంది. కోంటా, భోపాల్‌పట్నం వైపు దొర్ల ఆదివాసుల ఊళ్లలో తెలుగు వినిపిస్తుంది. 1323లో ఓరుగల్లు పడిపోయాక కాకతీయుల వంశీకుడు అన్నమదేవుడు ఇటే వచ్చి రాజ్యం స్థాపించాడన్నది బస్తర్ రాజవంశం చెప్పుకునే కథ. ఆ చరిత్రలోకి ఇప్పుడు వెళ్లను. దారి దగ్గరిదే అని చెప్పడం వరకే నా ఉద్దేశం.

చేతిపనితోనే డిజైన్ మొదలుపెట్టాలన్న ఆలోచన కొత్తది కాదు. 1919లో జర్మనీలోని వైమార్‌లో బౌహౌస్ డిజైన్ పాఠశాల తెరిచినప్పుడు జొహన్నెస్ ఇట్టెన్ అక్కడ ప్రాథమిక కోర్సు పెట్టాడు. తర్వాత దాన్ని చెప్పిన జోసెఫ్ ఆల్బర్స్ పిల్లల చేతికి వార్తాపత్రికలిచ్చి, వృథా లేకుండా, కాగితం స్వభావాన్ని కనిపెట్టి ఏదైనా చెయ్యమనేవాడు. మన దగ్గర 1910 నాటి మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలలో కోపల్లె హనుమంతరావుగారు, వారి మిత్రులు పుస్తకాల చదువు పక్కనే చేతిపనులకు చోటిచ్చారు. రంగుల సిద్ధాంతం సంగతే చూడండి. మనం పాఠంలో చెప్పే రంగుల ఎదురుబొదురు నియమాలను 1839లో పుస్తకంగా ప్రకటించిన షెవ్రల్ పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో అద్దకం విభాగానికి అధిపతి. నల్ల నూలు సరిగా నల్లగా రావడం లేదని అతనికి ఫిర్యాదులొచ్చాయి. వెతికితే లోపం రంగులో లేదు. పక్కన ఏ రంగు నూలు నేశారో దాన్నిబట్టి కంటికి నలుపు వెలిసినట్టు తోస్తోంది. ఇవాళ మన పిల్లలు పోస్టర్ రంగులతో వేసే చక్రం వెనక ఒక అద్దకపు వాకిలి ఉంది. ఆ వాకిలి మరిచిపోయి చక్రం ఒక్కటే చేత్తో పట్టుకున్నాం.

ఇక కొండగావ్‌కు వద్దాం. అక్కడి పోతపనివాళ్లైన ఘడ్వాల పని గురించి కాస్త నిదానంగా చెప్పాలి. గీత అంటే ఏమిటో ఇంత స్పష్టంగా నేర్పే పని ఇంకోటి నేను చూడలేదు.

ఢోక్రా అని లోకం పిలిచే ఈ పోతపనికి 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన ఆదిలాబాద్ వైపు ఉషేగావ్, కేస్లాగూడ ఓజాలు చేసేదీ ఈ విద్యే. వాళ్లకు 2018లో ఆ గుర్తింపు దక్కింది. ముందు మట్టిలో ఊక కలిపి లోపలి ముద్ద చేస్తారు. ఏనుగైతే ఏనుగు ఒడ్డూపొడుగూ ఈ ముద్దలోనే తేలిపోతుంది. అది ఆరాక చిక్కుడాకు పసరుతో రుద్దుతారు, మైనం పట్టుకోవడానికి. తేనె మైనంలో గుగ్గిలం కలిపి కాచి వడగట్టి, పిచ్కీ అనే చెక్క పనిముట్టులో పెట్టి ఒత్తితే సన్నటి పోగులు దిగుతాయి. ఆ పోగుల్ని పక్కపక్కనే పేర్చి ముద్దంతా చుడతారు. కన్ను, చెవి, మువ్వ, గొలుసు, ఏదైనా ఆ పోగుతోనే. దానిమీద మెత్తటి మట్టి పూత, ఆపైన పుట్టమన్ను దట్టంగా మెత్తి, లోహం దిగడానికి దారి వదులుతారు. ఇత్తడి ముక్కలు పెట్టిన మట్టి మూసను అచ్చుకు అతికించి బట్టీలో కాలుస్తారు. మైనం కరిగిపోయి, అది ఖాళీ చేసిన చోటులోకి కరిగిన ఇత్తడి దిగుతుంది. చల్లారాక అచ్చు పగలగొట్టాలి. ఒక అచ్చుకు ఒకే బొమ్మ.

ఈ క్రమం పుస్తకాల్లో ఉంటుంది, పిల్లలు చదివి పరీక్షలో రాసేస్తారు కూడా. నేను చెప్పేది ఆ పోగు చేతిలోకి వచ్చాక ఏమవుతుందో దాని గురించి. ప్రాజెక్టు ఇది: పిడికెడంత మట్టిముద్ద, ఒక్క మందం మైనపు పోగు. బొమ్మ వెయ్యకూడదు, పోగు చుట్టాలి. ముద్ద ఎక్కడా కనిపించకూడదు. మొదటి పూట దాదాపు అందరూ విసుక్కుంటారు. ఎండెక్కితే మైనం మెత్తబడి వేళ్లకు అంటుకుంటుంది. చలి పొద్దున వంచబోతే పుటుక్కున విరుగుతుంది. కాసేపటికి చేతులు ఒక సంగతి కనిపెడతాయి. పొట్ట చుట్టూ అడ్డంగా తిప్పిన పోగు పొట్టను మరింత బరువుగా చూపిస్తుంది. అదే పోగును కాలి పొడవునా నిలువుగా దించితే కాలు సాగుతుంది. మెడ వంపు దగ్గర పోగులన్నీ ఒకచోట ఇరుకవుతాయి, బయటి వైపు ఎడమవుతాయి. ఆ ఎడాన్ని ఎలా పూడ్చాలన్నది పెద్ద సమస్య. కొత్త పోగు చొప్పించాలా, ఉన్నదాన్ని ఏటవాలుగా మళ్లించాలా? దర్జీ పనిలో డార్టు ఎక్కడ వెయ్యాలన్న ప్రశ్న ఇదే. మైనంతో దీన్ని పరిష్కరించిన విద్యార్థి, చారల గుడ్డను ఛాతీ మీద ఎలా తిప్పాలో అడగకుండానే ఆలోచిస్తాడు. గీత అలంకారం కాదనీ, కింద ఉన్న ఒంటిని చదివి చెప్పేదనీ వేళ్లకు అర్థమైపోతుంది.

రెండో సంగతి జాలీ పనిలో తెలుస్తుంది. లోపలి ముద్ద లేకుండా, సందుల్లోంచి వెలుతురు కనిపించేలా ఒక చిన్న పలక పోగులతో అల్లమనాలి. ఇక్కడ పోగు ఏదో ఒకదాన్ని తాకి తీరాలి. తాకకుండా గాలిలో వేలాడే పోగు దాకా లోహం పోదు. అది బొమ్మలో ఉండదు. కూర్పులో ప్రతి గీతా మరో గీతకు ఆధారపడి ఉండాలని మనం తరగతిలో ఎన్నిసార్లో చెబుతాం, పిల్లలు తలూపుతారు. కొలిమిలో ఆ మాట నిజం కాకపోతే పలక ముక్కలై వస్తుంది. ఇంకోటి, ఇత్తడి బరువు తేనె మైనానికి దాదాపు తొమ్మిది రెట్లు. వాడిన మైనాన్ని తూచి, ఎంత లోహం పడుతుందో లెక్క వేస్తారు. కాగితం మీద వంద గీతలు గీసినా పెన్సిలు కాస్త అరుగుతుంది, అంతే. ఇక్కడ ప్రతి అనవసరపు గీతకూ ఖరీదు ఉంటుంది. ఎక్కడ ఆపాలో నేర్చుకోవడానికి ఇంతకన్నా సూటి దారి నాకు తెలియదు.

ఇలా చేత్తో నేర్చుకోవడానికి బస్తర్ వెళ్లినవాళ్లలో అందరికన్నా ముందు చెప్పుకోవాల్సిన పేరు మీరా ముఖర్జీ. 1923లో కలకత్తాలో పుట్టిన ఆవిడ 1950ల నడిమిలో మ్యూనిక్ అకాడమీలో శిల్పం చదివి వచ్చారు. యూరప్‌లో నేర్చినది చాలదనిపించి, పోతపనివాళ్ల మధ్య కూర్చుని మళ్లీ విద్యార్థి అయ్యారు. బస్తర్ ఘడ్వాల దగ్గర మైనపు పోగు పని నేర్చుకున్నారు. దేశమంతా తిరిగి లోహకారుల పనిని నమోదు చేశారు. ఆ పుస్తకం ‘మెటల్‌క్రాఫ్ట్స్‌మెన్ ఆఫ్ ఇండియా’ 1978లో మన మానవ శాస్త్ర సర్వేక్షణ సంస్థ ప్రచురణగా వచ్చింది. ఢిల్లీలో ఉన్న ఆవిడ శిల్పం ‘కళింగలో అశోకుడు’ చూడండి. మనిషిని మించిన ఆ పెద్ద ఒంటి మీద మైనపు పోగుల జాడ కనిపిస్తుంది. కానీ అందులో బస్తర్ ఏనుగు లేదు, బస్తర్ దేవత లేదు. ఆవిడ అక్కడి నుంచి బొమ్మ తీసుకోలేదు, పద్ధతి తీసుకున్నారు. ఎవరి దగ్గర తీసుకున్నారో పుస్తకం రాసి చెప్పారు. విద్యార్థులకు ఈ ఒక్క ఉదాహరణ చాలు. కొండగావ్‌కే చెందిన, జాతీయ పురస్కారం అందుకున్న దివంగత జైదేవ్ బఘేల్ లాంటి ఘడ్వా కళాకారులు ఆ పద్ధతితోనే తమ సొంత రూపాలను ప్రపంచమంతా తీసుకెళ్లారు. ఒకే పోగు, రెండు వేరువేరు చేతులు.

ఇక రంగు. దీనికి తోకాపాల్ వైపు వెళ్లాలి, లేదా సరిహద్దు దాటితే ఒడిశా వైపు కోట్‌పాడ్. రెండు చోట్లా నేసేది పనికా కులస్తులే. కోట్‌పాడ్ నేతకు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఊరి నేతగాడు గోవర్ధన్ పనికాకు 2018లో పద్మశ్రీ ఇచ్చారు. బస్తర్ ఆదివాసులు ఒంటికి చుట్టుకునే పాటా వస్త్రం ఈ మగ్గాల మీదే పుడుతుంది. అందులో చాలా వరకూ రంగు వెయ్యని తెల్ల పత్తి నూలే ఉంటుంది, దానిపక్కన ఎర్రమట్టి నుంచి చిక్కటి గోధుమ దాకా పోయే తొగరు రంగు. వాళ్లు ఆల్ అనేది మన తొగరు చెట్టే. దాని వేరు బెరడులో రంగు ఉంటుంది.

ఈ ఎరుపు ఒక్కపూటలో వచ్చేది కాదు. పనికా ఆడవాళ్లు నూలు చిలపల్ని ఆముదం, పేడ, బూడిద నీళ్లలో మళ్లీ మళ్లీ నానబెట్టి, తొక్కి, ఎండబెట్టి, నూలుకు రంగు పట్టే గుణం తెస్తారు. దీనికి రోజులు పడతాయి. తర్వాత దంచిన వేరు బెరడుతో ఉడికిస్తారు. బెరడు పాలు పెరిగితే ఎరుపు చిక్కబడుతుంది. అన్నభేది తగిలితే నల్లటి గోధుమకు తిరుగుతుంది. మచిలీపట్నం, శ్రీకాళహస్తి కలంకారీ పనులు చూసిన మన పిల్లలకు కరక్కాయ, పాలు, పటిక, చిరివేరు తెలుసు. అక్కడ నేసిన గుడ్డకు రంగు పట్టిస్తారు, ఇక్కడ నూలుకు. కాబట్టి రంగు ఎక్కడ ఆగాలో కలం చెప్పదు, నేత చెబుతుంది.

ఈ తేడా మీదే నా రెండో ప్రాజెక్టు. అట్టముక్క అంచుల్లో గాట్లు పెట్టి పడుగు బిగించిన చేతి మగ్గం ఒకటి, రెండే నూళ్లు: తెలుపు, తొగరు. వాటితో కనీసం నాలుగు ఛాయలు చూపించాలి. పోస్టర్ రంగైతే నీళ్లు కలిపి పలచన చేస్తారు. ఇక్కడ కలపడానికి ఏమీ లేదు. తొగరు పడుగులో తెల్ల పేక వేస్తే నడిమి ఛాయ ఒకటి వస్తుంది. పేకను గట్టిగా కొట్టి పడుగును దాచేస్తే ఇంకో ఛాయ. రెండు తెల్ల పేకలకు ఒక తొగరు పేక వేస్తే సన్నటి చారలు దూరానికి కలిసిపోయి మరో ఛాయ. ఈ పని చేస్తున్నప్పుడు విద్యార్థులు మగ్గాన్ని గోడకు ఆనించి గది ఆ చివరికి నడిచి వెళ్లి చూస్తారు. ఎవరూ చెప్పనక్కరలేదు. రంగు దగ్గరికి ఒకలా, దూరానికి ఒకలా ఉంటుందనీ, పక్కన ఏముందో దాన్నిబట్టి మారుతుందనీ, షెవ్రల్ గోబెలిన్‌లో పడ్డ చిక్కును వాళ్లూ పడి తెలుసుకుంటారు.

అదే మగ్గం మీద ఆకారం పాఠం కూడా ఉంది. పాటా అంచు దగ్గర వరసగా గోపురాల్లాంటి త్రికోణాలు చూస్తారు. అవి మూడు నాడెలతో వస్తాయి. అంచుకు ఒకటీ, నడిమి గుడ్డకు ఒకటీ, ఆ పక్క అంచుకు ఒకటీ. అంచు పేక, నడిమి పేక ఒకదాన్నొకటి కొక్కెం వేసుకుని వెనక్కి మళ్లుతాయి. ఆ మళ్లే చోటు పడుగులో ఒక్కో పోగు జరుగుతూ పోతే త్రికోణం అవుతుంది. విద్యార్థిని ఒక త్రికోణం నెయ్యమనండి. గీత గీసి రంగు నింపడం అలవాటైన చెయ్యి ముందు ఏటవాలు గీత కోసం వెతుకుతుంది. మగ్గం మీద ఏటవాలు గీత లేదు. ఉన్నవి మెట్లు. ఎన్ని పేకలకు ఒక పోగు జరపాలి అన్న లెక్కే వాలు. పేకకు ఒక పోగు జరిపితే ఒక వాలు, రెండు పేకలకు ఒక పోగు జరిపితే నిటారైన వాలు. పీత, చేప, శంఖం, గొడ్డలి, ఇవన్నీ అదనపు పేకతో చేత్తో ఎత్తి వేసేవే. జాకార్డు లేదు, ముందు గీసిన గ్రాఫు లేదు, నేతగాడి తలలో లెక్క ఉంది. పీత డెక్క ఎంత గుండ్రంగా ఉండాలో నూలు నంబరు నిర్ణయిస్తుంది. ఆకారం అంటే లోపలి నుంచి పెరిగేదని, బయటి గీత దాని ఫలితమని ఇంతకన్నా బాగా చెప్పలేం.

బౌహౌస్‌లో నేత నేర్చిన ఆనీ ఆల్బర్స్ 1965లో నేత మీద రాసిన తన పుస్తకాన్ని ప్రాచీన పెరూ నేతగాళ్లకు, తన గొప్ప గురువులంటూ అంకితమిచ్చింది. మన కాలేజీల్లో ఏ థీసిస్ మొదటి పేజీలోనైనా పనికా నేతగాళ్లకు అటువంటి మాట చూడాలని నాకుంది.

మిగతావి త్వరగా చెబుతాను. ఖాళీ చోటు నేర్పడానికి దువ్వెన. ఘోటుల్ అనే యువతీయువకుల నివాసాలు సాగిన కాలంలో మురియా కుర్రాళ్లు తమకు నచ్చిన అమ్మాయిల కోసం చెక్క దువ్వెనలు చెక్కేవారని వెరియర్ ఎల్విన్ 1947లో వచ్చిన పుస్తకంలో రాశాడు. దువ్వెన అందం పళ్లలో ఎంత ఉందో పళ్ల మధ్య సందుల్లోనూ అంత ఉంది. సందు ఇరుకైతే జుట్టు పట్టదు, వెడల్పైతే చిక్కు తీయదు. వెదురు బద్దతో ఒక దువ్వెన చెయ్యమంటే లయ, ఖాళీ, పనితనం మూడూ ఒక్క మధ్యాహ్నంలో వస్తాయి. వంపు తిరిగిన ఉపరితలం మీద గీతకు, సొరకాయ బుర్ర. వేడి చేసిన ఇనుప కత్తితో కాల్చి గీస్తారు. ఒక్కసారి కాల్చిన గీతను చెరపలేరు. ఇనుప పనిలో ఒకే కడ్డీని కొట్టి కొట్టి తల, కాలు, తోక లాగుతారు. అది చూపించండి, సుత్తి మాత్రం మొదటి సెమిస్టర్ పిల్లల చేతికి ఇవ్వకండి.

నీడరూపం, అంటే మనం సిలౌట్ అనేది, దానికి దండామి మరియాల నృత్యాన్ని మించింది లేదు. అడవిదున్న కొమ్ములు, ఈకల తురాయి, ముఖం మీదికి దిగే గవ్వల సరాలు, మెడలో పెద్ద డోలు. దూరం నుంచి చూస్తే మనిషి ఒడ్డూపొడుగుల లెక్క మారిపోతుంది. తల కదిపినప్పుడల్లా గవ్వల తెర వేరే గీత గీస్తుంది. ఇక్కడ నేను చాలా గట్టిగా ఉంటాను. దీన్ని ర్యాంపు కోసం నకలు చెయ్యకూడదు. అది ఒక జాతి తన పండగలో ధరించేది. ప్రాజెక్టు వేరు: వార్తాపత్రిక, వెదురు, దారంతో వంద గజాల దూరం నుంచి గుర్తుపట్టగల, నడిచేటప్పుడు మారే తలరూపం ఒకటి చెయ్యాలి. కొమ్ములు వాడకూడదు, ఈకలు వాడకూడదు.

ఒంటికీ డిజైన్‌కూ ఉన్న సంబంధం గురించి ఇంకో ఉదాహరణ ఉంది. అది బట్టల గురించి కాదు, అయినా ఫ్యాషన్ విద్యార్థులు తప్పక చూడాలి. ముంబై చిత్రకారిణి నవజోత్ అల్తాఫ్ 1990ల చివర నుంచి కొండగావ్‌లో శాంతిబాయి, రాజ్‌కుమార్ కొర్రామ్, గెస్సురామ్ వంటి స్థానిక కళాకారులతో కలిసి పనిచేశారు. వాళ్లు చేసినవాటిలో నల్‌పార్‌లు ఉన్నాయి. ఊళ్లో చేతిపంపు చుట్టూ నీళ్లు పట్టుకునే స్థలాలను మళ్లీ కట్టడం. నీళ్లు మోసేది ఆడవాళ్లూ పిల్లలూ. నిండు కుండను నేల మీది నుంచి ఒక్క ఊపున నెత్తికెత్తే బరువు తగ్గేలా అరుగులు అమర్చారు. చుట్టూ గోడలకు తమ చిహ్నాలు చెక్కారు. పిల్లల కోసం పిల్లా గుడి పేరుతో చిన్న చిన్న కూడలి కట్టడాలూ లేపారు. నిష్పత్తి అని మనం బోర్డు మీద ఎనిమిది తలల మనిషిని గీసి చెబుతాం. ఆ కొలతకు సరిపోయే మనిషి కొండగావ్ పంపు దగ్గరే కాదు, మన ఊళ్లోనూ లేదు. అరుగు ఎత్తు ఎంత ఉండాలో తెలుసుకోవాలంటే కుండ ఎత్తే అమ్మను కొలవాలి. కుర్తా చంక ఎంత వదులుండాలో కూడా అలాగే తెలుస్తుంది: నాట్లు వేసే చెయ్యి ఎంత ముందుకు చాస్తుందో కొలిస్తే.

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట. జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ నిఫ్ట్ 1986లో మొదలైంది, హైదరాబాద్ కేంద్రం 1995లో వచ్చింది. ఆ సంస్థలోనూ దాని దారిలో నడిచే కాలేజీల్లోనూ విద్యార్థుల్ని చేతిపనుల ఊళ్లకు పంపడం పాఠ్యక్రమంలో భాగమైంది. మంచి పని. అయితే చాలా చోట్ల ఈ ప్రయాణం ఫోన్‌లో ఫోటోలు నింపుకుని రావడంగా మిగిలిపోతోంది. ఏనుగు, పీత, దేవత, అన్నీ తెరమీద వెక్టర్ బొమ్మలవుతాయి. ఆ బొమ్మలు పాలిస్టర్ మీద అచ్చవుతాయి. ‘బస్తర్ కలెక్షన్’ అని పేరు పెడతారు. ఆ గుడ్డలో బస్తర్ పడుగు లేదు, పేక లేదు, తొగరు లేదు. పనికా ఇంటికి ఒక్క రూపాయి చేరదు. విద్యార్థి నష్టపోయింది ఇంకా పెద్దది. పీత అక్కడ ఎందుకు అంత మెట్లుమెట్లుగా ఉందో తెలియకుండా దాని అంచులు నునుపు చేసి తెచ్చుకున్నాడు. అంటే ఆకారం పాఠాన్ని పారేసి, దాని పొట్టు తెచ్చుకున్నాడు.

అందుకే మొదటి సెమిస్టర్‌లోనే, మోటిఫ్ అన్న ఆలోచన బలపడకముందే, పిల్లలు మైనం, నూలు, వెదురు ముట్టుకోవాలంటున్నాను. నాలుగో ఏట వెళ్లేవాళ్లు ఏదో ఒకటి తీసుకు రావాలన్న తొందరలో వెళతారు. మొదటి ఏట వెళ్లేవాళ్లకు తెచ్చుకోవాల్సింది ఏమీ ఉండదు, కూర్చుని చెయ్యడం ఒక్కటే ఉంటుంది.

ఎలా జరపాలన్నది కూడా చెప్పి ముగిస్తాను. ముందు కాలేజీ గదిలో మట్టిముద్ద, అట్టమగ్గం, వెదురు పని జరగాలి. చేతులు కాస్త తప్పుల్లో పడి లేచాకే ఊరికి వెళ్లాలి. ఏమీ తెలియని చేతులతో వెళితే అక్కడి మనిషి సమయం వృథా. వరి కోతలు, పండగలు, పెళ్లిళ్లు చూసుకుని వాళ్లు రమ్మన్నప్పుడు వెళ్లాలి, మన అకడమిక్ క్యాలెండర్ చూసి కాదు. దసరా ముందు జగ్దల్‌పూర్‌లో రథం కట్టే పని జరుగుతుంటుంది. ఏటా కొత్త రథం, సాలు మానుతో. లాగే తాళ్లు అడ్డతీగ నారతో. ఏ ఊరి వంతు ఏ పని అన్నది ముందే ఉంటుంది. వీలైతే పిల్లల్ని ఒక పూట అక్కడ ఊరికే నిలబెట్టండి. ఇంత మంది ఒక్క వస్తువు మీద ఎలా పని పంచుకుంటారో చూస్తే, మూడో ఏట ఫ్యాషన్ షో పని పంచుకోవడంలో వచ్చే తగువుల్లో సగం తగ్గుతాయి.

భాష అడ్డు అంటారు. హల్బీ వచ్చినవాళ్లు ఒకరిద్దరు వెంట ఉంటే చాలు. మైనపు పోగు ఎలా వంచాలో చూపించడానికి భాష అవసరం తక్కువ. కోంటా వైపు నుంచి వచ్చే విద్యార్థులుంటే ఇంకా మేలు. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, సంతలో హల్బీ మాట్లాడే పిల్లలు వాళ్లు. మన కాలేజీల ప్రకటనలు సుక్మా, బీజాపూర్ జిల్లాల దాకా ఎప్పుడైనా చేరాయా అని ఒకసారి ఆలోచించండి.

మార్కులు ఎలా ఇవ్వాలన్నది ముఖ్యం. చివరి వస్తువుకు మాత్రమే మార్కులిస్తే పిల్లలు మళ్లీ బొమ్మ వైపే పోతారు. విరిగిన పోగులు, వాలు తప్పిన త్రికోణాలు, రంగు పట్టని చిలపలు, అన్నీ తేదీ వేసి జ్యూరీ బల్ల మీద పెట్టించాలి. మాస్టారు తన తరగతిలో ఇదే చేసేవారు. ఆ బల్ల ముందు కూర్చునేవాళ్లలో ఒక ఘడ్వానో ఒక పనికా నేతగత్తెనో ఉండాలి. ఒక త్రికోణం నిలిచిందా పడిపోయిందా చెప్పడానికి మనకన్నా వాళ్లకే ఎక్కువ హక్కుంది. వాళ్లు విద్యార్థికి వేసే మార్కు మనం వేసే మార్కుతో సమానంగా లెక్కకు రావాలి.

ఈ స్మారక ధర్మనిధి కమిటీ పెద్దలు ముందు వరసలోనే ఉన్నారు కాబట్టి వారికి ఒక విన్నపం. ఈ నిధి మీద వచ్చే వడ్డీలో ఏడాదికి ఒక భాగం మొదటి సెమిస్టర్‌కు వచ్చే బస్తర్ పనివాళ్ల కోసం తీసి పెట్టండి. వచ్చి పోయే ఖర్చులు, బస, మైనం, ఇత్తడి, నూలు, బట్టీ కట్టెలు, విరిగిపోయే అచ్చులు అన్నీ వేరుగా లెక్కించండి. వాటితో సంబంధం లేకుండా, పాఠం చెప్పినందుకు రోజుకు ఎంత ఇవ్వాలో అతిథి అధ్యాపకులకు ఇచ్చే రేటు చూసి, అంతే ఇవ్వండి. శాలువా, జ్ఞాపిక ఇచ్చి సరిపెట్టవద్దు. ఖాతా పుస్తకంలో ఆ మొత్తాన్ని ప్రయాణ ఖర్చుల పద్దులోనో ప్రదర్శన ఖర్చుల పద్దులోనో కాకుండా, అధ్యాపకుల జీతాల పద్దు కింద రాయించండి.